సాయన్న కథను ఎవరు కొంటారు?



2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ సినిమా వచ్చినప్పుడు అందులోని బుజ్జి అనే కారు మాటలకు మురిసిపోయిన పిల్లలు మన పాలమూరులో, నల్లగొండలో తక్కువేం కాదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో, రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని నిర్మాతలు ప్రకటించారు. రాబోయే కల్కిని కడుపున మోస్తున్న సుమతి ఆమే మరి! ‘ఇగ ఆ బిడ్డ సంగతేంది?’ అని అభిమాని అడిగితే నవ్వొద్దు. అది ఇంటిమనిషి అడిగే ప్రశ్న.

‘స్టార్ వార్స్’ అభిమానుల గోస ఇంకా పాతది. 1977 నాటి సినిమాలో హాన్ సోలో అనే దొంగసరుకు మోసేవాడు, హోటల్ బల్ల దగ్గర తన మీద తుపాకీ గురిపెట్టినవాణ్ని తనే ముందు కాల్చేస్తాడు. 1997లో జార్జ్ లూకాస్ దాన్ని దిద్ది, ఎదుటివాడే ముందు కాల్చినట్టు చూపించాడు. రెప్పపాటు మార్పే. కానీ ఇరవై ఏళ్లు ముద్దుచేసిన మొండిఘటం ఉన్నట్టుండి బుద్ధిమంతుడైపోయాడు! ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. 2012లో ఆ కథాలోకం మొత్తాన్ని సుమారు 400 కోట్ల డాలర్లకు డిస్నీ కొనేసింది.

మన కళాకారుడు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాద్యం మీద పాడిన జానపద వీరుడు పండుగ సాయన్న కథకు మాత్రం ఇట్లా ఎవరో దిద్దేసే, కొనేసే బెడద లేదు. మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. సాయన్న మాత్రం జనం సొత్తుగానే ఉన్నాడు.

కల్కి రెండో భాగం వస్తే నేనైతే మొదటి ఆటకే పోతా. తిట్టాలన్నా చూడాలె కదా!