ఒండ్రు ఎవరి వాటా?

ఎత్తిపోతల జలపాతం దగ్గర చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. వానాకాలంలో ఆ నీళ్లు మట్టి రంగులో ఉంటాయి. అక్కడ ఇద్దరిని నిలబెట్టి మాట్లాడించాను. మామయ్యది మాచర్ల, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. మేనకోడలు అవనిగడ్డలో టీచరు. మనుషులు ఊహే. వాళ్లు చెప్పే ఊళ్లూ అంకెలూ ఊహ కావు.

మేనకోడలు: పైన వాగులో పట్టిన నీళ్లివి మామయ్యా. సీసా అడుగున చూడండి, అప్పుడే బియ్యపుగింజ మందాన మట్టి దిగింది. ఇది సముద్రం దాకా పోతుందా?

మామయ్య: ఇంకో మూడు కిలోమీటర్లు పోతే కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్ డ్యాముకు దిగువన కాబట్టి దీన్ని ఆ డ్యాము ఆపదు. కానీ కింద పులిచింతల ఉంది, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. నీళ్లు నిలిస్తే మట్టి దిగుతుంది. నీ సీసాలో జరిగిందే అక్కడా జరుగుతుంది.

మేనకోడలు: మా దివిసీమలో ఎదురుమొండి, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ దీవులన్నీ కృష్ణమ్మ తెచ్చి పోసిన మట్టే. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కె. నాగేశ్వరరావు బృందం 2010లో లెక్క చూపించింది. 1966–69లో కృష్ణ మోసుకెళ్లిన ఒండ్రు 90 లక్షల టన్నులు. 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. కొత్త మట్టి రాకపోతే అల ఉన్న మట్టినే తింటుంది.

మామయ్య: అయితే డ్యాము కట్టడం తప్పంటావా? 1967లో కాలువలకు నీళ్లు వదిలాకే ఈ పల్నాటి మెట్టపొలాలు తడి చూశాయి. దివిసీమను కోయాలని ఎవరూ కట్టలేదమ్మా.

మేనకోడలు: తప్పనడం లేదు. తెలియక చేసినదానికి దోషం లేదని నేనూ ఒప్పుకుంటాను. తెలిశాక కూడా అలాగే వదిలేస్తే? అప్పుడది పొరపాటు కాదు, మన నిర్ణయం.

మామయ్య: కోత పడేచోట రాళ్లు పోసి గోడ కట్టొచ్చుగా?

మేనకోడలు: ఉప్పాడలో ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టారు, తుఫాన్లకు దెబ్బతింది. గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లుతూ దాని పాదాల కింది ఇసుకనే తవ్వుకుపోతుంది. పక్క ఊరికి పోవాల్సిన ఇసుక తగ్గుతుంది. ఒక ఊరి రక్షణకు ఖర్చయ్యేది పక్క ఊరి నేలే.

మామయ్య: మరి చేతులు కట్టుకు కూర్చుందామా? పంటు ఎక్కితేగానీ ఆసుపత్రికి పోలేని జనం ఉన్నారక్కడ.

మేనకోడలు: వాళ్ల కోసమే అడుగుతున్నా. కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డం ఉన్నట్టే, మా వెనక ఊళ్లకు ఈ దిబ్బలూ మడ అడవులూ అడ్డం. 1977 నవంబరు 19న ఉప్పెన వస్తే దివిసీమలో వేలమంది పోయారు. ఈ అడ్డు పల్చబడ్డాక అలాంటిదే మళ్లీ వస్తే? దిబ్బ కదలడం దాని స్వభావం, కదలనివ్వాలి. ఇళ్లను కాస్త వెనక్కి జరపాలి, మడను పెరగనివ్వాలి. వీటన్నిటికీ ముందు దిబ్బకు తిండి, అంటే ఒండ్రు, అందాలి.

మామయ్య: విశాఖలో హార్బరు దగ్గర తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కు పోస్తుంటారు. నెదర్లాండ్స్‌లో 2011లో ఒకేచోట 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్లు పోశారు. సాగర్ పూడికను సముద్రం దాకా ఎవరు మోస్తారు?

మేనకోడలు: వరదే మోస్తుంది. చైనాలో త్రీ గోర్జెస్ దగ్గర వరద కాలపు బురదనీళ్లను వదిలేసి, తర్వాత వచ్చే తేటనీళ్లను నిల్వ చేస్తారు.

మామయ్య: అలా వదిలితే కొంత మట్టి పోతుంది, పేరుకున్నదంతా పోదు. పైగా ఆగస్టులో వదిలేశాక సెప్టెంబరులో వరద రాకపోతే? కుడి కాలువ చివరి రైతు నా గల్లా పట్టుకుంటాడు.

మేనకోడలు: పట్టుకోవాల్సిందే. ఆయన్నీ నాగాయలంక జాలరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా ఎవరు నిర్ణయించినా అది న్యాయం కాదు. కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు రాసింది. నీళ్లకు వాటాలున్నాయి. ఒండ్రుకు ఎవరు రాశారు?

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఎండాకాలంలో చెరువు పూడికను డబ్బులిచ్చి ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటాం. ఒండ్రు విలువ పల్నాటి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మాటతో మొదలుపెడితే వింటాడు."

నేనూ అదే నమ్ముతున్నాను. ఎగువన ఉన్నవాడు నీళ్లు వాడుకోవడం నేరం కాదు. ఆ నీళ్లతోపాటు ఆగిపోయిన నేలకు మాత్రం జవాబు చెప్పాలి. వరద రోజుల్లో సాగర్, పులిచింతల ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు పేపర్లలో వెతుక్కుని మరీ చదువుతాం. ఆ పక్కనే ఆ ఏడాది ఎంత ఒండ్రు కిందికి పోయిందో కూడా వేయమని పల్నాడు నుంచి, దివిసీమ నుంచి కలిసి అడుగుదాం.