పరహస్తంలో పుస్తకం

సంస్కృతంలో ఒక పాత చాటువు ఉంది. పుస్తకం ఎరువివ్వడానికి మనసొప్పనప్పుడల్లా పెద్దలు దాన్ని నవ్వుతూ వల్లిస్తుంటారు. పుస్తకం, స్త్రీ, ధనం - ఈ మూడూ పరాయి చేతికి వెళ్తే పోయినట్టేనట. ఒకవేళ తిరిగొచ్చినా పుస్తకం చిరిగి వస్తుంది, స్త్రీ చెడి వస్తుంది, ధనం ముక్కలుముక్కలుగా వస్తుందట. వినేవాళ్లు కూడా నవ్వుతారు. ఆ మూడింటికీ యజమాని ఎవరు అని మాత్రం ఎవరూ అడగరు. అడగక్కర్లేనంత స్పష్టంగా అతను ఆ శ్లోకంలోనే కూర్చుని ఉన్నాడు.

ఇప్పుడు ఆ జాబితాలోని స్త్రీ తన జీతం డబ్బుతో పుస్తకం కొనుక్కుంది. ఒక స్నేహితురాలు వచ్చి, "కొత్తదా? చదివిస్తానివ్వవా?" అంది. ఈ స్త్రీ ఏం చెయ్యాలి? ఇవ్వనంటే శ్లోకంలోని యజమాని చూపు ఆమెకూ వచ్చినట్టా? వెంటనే ఇచ్చేస్తే ఆమె ఉదారురాలైనట్టా? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ 'నాది' అనే మాటతో ఆడవాళ్లకున్న చిక్కంతా ఇందులో ఉంది.

పంచుకోవడం మంచిదని ఆడవాళ్లకి చెప్పడం చాలా సులువు. పుట్టినప్పట్నించీ మనకిచ్చిన శిక్షణంతా అదే కదా. అందరికీ వడ్డించి గిన్నెలో మిగిలింది తినడం, తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకోవడం, తనకంటూ ఒక గది అడగకపోవడం. అలాంటి జీవితంలో అట్ట లోపల తన పేరు రాసుకున్న పుస్తకం చిన్న ఆస్తి కాదు. నగల్లాగా అది ఇంటి పరువుకి సంబంధించింది కాదు. బీరువా తాళాల్లాగా ఇంకొకరు అప్పగించిందీ కాదు. దాని ఖరీదుకన్నా దాన్ని చదువుకునే రెండు గంటల ఖరీదు ఎక్కువ. అందుకే కొన్న పుస్తకాన్ని ముందు తనే చదువుకుంటానని ఒక స్త్రీ అంటే దాన్ని పిసినారితనం అనడానికి నేను ఒప్పుకోను. త్యాగంలో ఇచ్చేవాళ్లకి వాటా ఉండదు. పంపకంలో ఉంటుంది. ఈ తేడా వదిలేసి పంచుకోవడాన్ని పొగిడితే మనం పాత పాఠాన్నే కొత్త గొంతుతో చెప్పినవాళ్లమవుతాం.

అయితే 'నాది' దగ్గరే ఆగిపోతే ఏమవుతుంది? బెంగుళూరు నాగరత్నమ్మగారి సంగతి చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' గురించి ఆమె ఎక్కడో చదివింది. వెతగ్గా వెతగ్గా ఒక అచ్చు ప్రతి దొరికింది. ముద్దుపళని తన గురించి, తన తల్లుల గురించి చెప్పుకున్న పద్యాలు ఆ అచ్చులో లేకుండా పోయాయి. రాతప్రతి కూడా సంపాదించి, పాఠాన్ని సరిచేసి, 1910లో వావిళ్ల వారి ద్వారా ఆ కావ్యాన్ని ప్రచురించింది. ఆడవాళ్లు వినరానివి ఒక ఆడది రాసిందని కందుకూరి వీరేశలింగంగారు చేసిన విమర్శకి జవాబు కూడా చెప్పింది. బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. నాగరత్నమ్మ తనకి దొరికిన ప్రతిని పదిలంగా పెట్టెలో దాచుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు, కేసులూ ఉండేవి కావు. ముద్దుపళని మాత్రం మనదాకా రావడం కష్టమయ్యేది. ఆడవాళ్ల పుస్తకాలు గ్రంథాలయాల భద్రతలో కన్నా ఇలా చేతులు మారడం వల్లే ఎక్కువ బతికాయని నాకనిపిస్తుంది.

పుస్తకం చేతికివ్వకుండా పంచిన వాళ్లూ ఉన్నారు. మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షికలో ఆంగ్ల నవలల్ని తెలుగులో చెప్పుకుంటూ వచ్చారు. ఆ పుస్తకాలు కొనలేని, ఇంగ్లీషు రాని ఇల్లాళ్లు ఆ నవలల గురించి మాట్లాడుకోగలిగారు. చదివినదాన్ని మళ్లీ చెప్పడం కూడా శ్రమే. దాన్ని మనం సాహిత్య సేవగా లెక్కించడం తక్కువ.

ఇక్కడ మరో ప్రశ్న ఉంది. మనం ఎవరితో పంచుకుంటున్నాం? నా కొత్త పుస్తకాలు ఏ ఇళ్లకి వెళ్తాయో రాసుకునే నోటుబుక్కు ఒకటుంది. అందులో పేర్లు ఎక్కువగా నాలాంటివే. ఒకే రకం ఉద్యోగాలు, ఒకే రకం కాలనీలు, దాదాపు ఒకే కులాలు. పుస్తకం అంతకుముందే వేసి ఉన్న దారుల్లోనే నడుస్తుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు 'నల్లపొద్దు'గా వచ్చేదాకా ఆ రచనల్లో ఎన్ని మన గదుల్లోకి వచ్చాయి? ఇచ్చేవాళ్లం ఎప్పుడూ మనమే అనుకోవడంలో కూడా ఒక యజమాని ఉన్నాడు.

మా కాలేజీలో రికార్డు అసిస్టెంటుగా పనిచేసే ఒకామె ఒకరోజు నాకొక సన్నటి కవితల పుస్తకం తెచ్చిచ్చింది. వాళ్ల ఊళ్లో జరిగిన సభలో కొన్నదట. "ఎల్లుండికల్లా ఇచ్చెయ్యాలి మేడం. మా చెల్లెలు అడుగుతోంది. దాని తర్వాత ఇంకో ఇద్దరున్నారు" అంది. ఆ మాటలో మొహమాటం లేదు, దర్పమూ లేదు. తిరిగివ్వమని అడగడమంటే మనలో చాలామందికి సిగ్గు. ఇచ్చింది అడగడం మర్యాద కాదని నేర్పారు మనకి. కానీ ఆమె అడిగింది తన ఆస్తిని కాదు, తర్వాత చదవాల్సినవాళ్ల వంతుని. పుస్తకాన్ని తిరిగివ్వకపోవడం ఇచ్చినామెకి చేసే అన్యాయం అనుకుంటాం. అంతకన్నా ఎక్కువగా అది మన తర్వాత ఎదురుచూస్తున్న, మనకి ముఖం కూడా తెలియని పాఠకురాలికి చేసే అన్యాయం.

పంపకానికి ఒక హద్దు కూడా ఉంది. చదువుల అవసరానికి పుస్తకాల్లోని భాగాల్ని జిరాక్సు తీయించుకోవచ్చని ఢిల్లీ యూనివర్సిటీ కేసులో హైకోర్టు 2016లో తీర్పిచ్చింది. పెద్ద ప్రచురణకర్తల ఖరీదైన పుస్తకాల ముందు విద్యార్థుల పక్షాన వచ్చిన ఆ తీర్పు నాకు సంతోషమే. కానీ సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని, సగం అట్టపెట్టెల్లో మంచం కింద ఉంచుకున్న రచయిత్రి పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి ఫోన్ల మీదికి వదలడం వేరు. నా ప్రతిని పదిమందికి ఇస్తే ఆమెకి పదిమంది పాఠకులు వస్తారు, వాళ్లలో ఇద్దరైనా రేపు ఆమె పుస్తకం కొనొచ్చు. పీడీఎఫ్ చేసి పంపితే ఆ మంచం కింది పెట్టెలు అక్కడే ఉంటాయి. ఆమె శ్రమని ఆమె అడగకుండా పంచే హక్కు నాకెవరిచ్చారు? అది మళ్లీ ఆడవాళ్ల శ్రమ ఉచితమేనన్న పాత లెక్కే.

ఆ శ్లోకం చెప్పిన ఒక సంగతి నిజమే, పుస్తకం చిరిగి వస్తుంది. నాకు తిరిగొచ్చినవాటిలో పెన్సిలు గీతలున్నాయి, పోపు మరకలున్నాయి. ఒకదాంట్లో నేను అసలు గమనించని వాక్యం కింద రెండుసార్లు గీత గీసి ఉంది. దాన్ని నేను మళ్లీ చదవాల్సి వచ్చింది. యజమానికి అది పాడైపోయిన వస్తువు. పాఠకురాలికి అది మరొకామె ఆలోచన చేరిన ప్రతి. చెడటం, చిరగటం అనే మాటలకి అర్థం ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టే ఉంటుంది. ఆ జాబితాలో మనతోపాటు ఉన్న పుస్తకానికైనా మనం ఆ కొలత పెట్టకుండా ఉండగలం.