ఆపాల్సింది ఎవరు?

పరుగెత్తే దూరం తక్కువేగా, ఏమవుతుందిలే అనే ధీమా దగ్గరే నా అనుమానం మొదలవుతుంది. ఎండ విషయంలో ఈ లెక్క తలకిందులు. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ముప్పావు వంతు వేడిగానే మారుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ వేడీ పెరుగుతుంది. మారథాన్‌లో ఆచితూచి కదిలే మనిషి, పది కిలోమీటర్లేననగానే మొదటి నుంచే దౌడు తీస్తాడు. పైగా గాలిలో తేమ ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కోస్తా ఉక్కపోత ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఆగస్టులో జరిగే ఫాల్మత్ రోడ్ రేస్ ఏడు మైళ్లే. 1978లో అక్కడ ఇరవయ్యేళ్ల ఆల్బెర్టో సలాజర్ ముందువాళ్లతో పోటాపోటీగా పరుగెత్తి, చివర్లో వెనకబడి, పదోవాడుగా గీత దాటి కూలిపోయాడు. ఒంటి వేడి దాదాపు 42 డిగ్రీల సెల్సియస్. ఐసు నీళ్ల తొట్టిలో ముంచారు. ఇక దక్కడనుకుని అంత్య ప్రార్థనలూ చదివేశారు. బతికాడు.

ఇలాంటి కథ వినగానే అందరూ చెప్పే హితవు ఒకటుంది: నీ శరీరం మాట విను. వినేది ఎవరు? వడదెబ్బ లక్షణాల్లో ముఖ్యమైనది తికమక. ఆగాలో వద్దో తేల్చాల్సిన బుద్ధే ముందు మసకబారుతుంటే, తీర్పు దానికే అప్పగించడం ఏం న్యాయం? అనుభవం ఉన్నవాడికి తెలుస్తుంది కదా అంటారు. సలాజర్ కొత్తవాడేం కాదు. అసలు ఆయాసం, దాహం, కాళ్ల మంట గట్టి పందెం ప్రతిదానిలోనూ ఉండేవే. వాటిని పట్టించుకోకపోవడమే ఏళ్ల తరబడి చేసే సాధన. అందుకే, ఆపే హక్కు పరుగెత్తేవాడి చేతిలో కాక పక్కవాడి చేతిలో ఉండాలంటాను.

నా ఒళ్లు, నా ఇష్టం అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే: ఆ ఇష్టాన్ని తల చల్లగా ఉన్నప్పుడే, పందేనికి ముందే చెప్పి పెట్టుకోండి. ఫాల్మత్ నిర్వాహకులు సంకల్పబలాన్ని నమ్ముకోలేదు, తొట్టిని నమ్ముకున్నారు. అక్కడ 18 ఏళ్లలో వడదెబ్బ తగిలి చన్నీళ్లలో ముంచిన 274 కేసుల్లో ఒక్కరూ పోలేదు. తొట్టి ఉందన్న భరోసాతో జనం ఇంకా తెగిస్తారేమో. కావచ్చు, దానికి నా దగ్గర సమాధానం లేదు. నన్ను తొలిచేది వేరు. అదే సలాజర్ 1982లో ఎండ కాస్తున్న రోజున బోస్టన్ మారథాన్‌ను రెండు సెకన్ల తేడాతో గెలిచి, అక్కడే కుప్పకూలి, సెలైన్ ఎక్కించుకున్నాడు. ఫాల్మత్‌లో అతన్ని ఎవరైనా భుజం పట్టుకుని ఆపి ఉండాల్సిందని నా వాదన. బోస్టన్‌లోనూ ఆపాల్సిందే అనడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.