సర్దుకుపోయే కణం

తెలుగులో 'సర్దుకుపోవడం' అన్న మాటకి చెడ్డపేరు లేదు. కొత్త కోడలికి చెబుతాం, హాస్టల్లో చేరిన పిల్లాడికి చెబుతాం, మేనేజర్ మారిన టీమ్‌కి చెబుతాం. ఆఫీసుల్లో దీనికే 'రెజిలియన్స్' అని పేరు పెట్టి వర్క్‌షాపులు నడుపుతున్నారు. ఎలాంటి పాడు పరిస్థితిలోనైనా నిలదొక్కుకోవడం దానంతట అదే ఒక మంచి గుణమని మనందరి నమ్మకం. క్యాన్సర్ కణాలు కొవ్వుని ఎలా వాడుకుంటాయో చదువుతుంటే ఆ నమ్మకం మీద కొన్ని ప్రశ్నలు పుట్టాయి.

ముందు ఆ కణం సంగతి. 1920ల్లో ఓటో వార్‌బుర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. ఆక్సిజన్ అందుతున్నా సరే, ట్యూమర్ కణాలు గ్లూకోజ్‌ని పూర్తిగా మండించుకోవు. సగంలో ఆపేసి, లాక్టిక్ ఆసిడ్‌గా మార్చి బయటికి వదిలేస్తాయి. ట్యూమర్ లోపల రక్తనాళాలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ ఆసిడ్ కొట్టుకుపోకుండా అక్కడే పేరుకుంటుంది. మన రక్తం పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది. ట్యూమర్ కణాల చుట్టూ ఉన్న ద్రవంలో అది 6.7కీ, ఒక్కోసారి ఇంకా కిందకీ దిగుతుంది. చూడ్డానికి చిన్న తేడానే. కానీ పీహెచ్ లాగరిథమ్ లెక్క. 0.7 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు ఐదు రెట్లు పెరిగాయని అర్థం. పక్కనున్న మామూలు కణాలు అందులో దెబ్బతింటాయి, కాపాడడానికి వచ్చిన రోగనిరోధక కణాలు నీరసిస్తాయి. ఆసిడ్‌ని తయారు చేసిన కణం మాత్రం దాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తూ, తన లోపలి పీహెచ్‌ని సరిగ్గానే ఉంచుకుంటుంది. ఇల్లు శుభ్రంగా ఊడ్చుకుని చెత్త వీధిలో పోసినట్టు.

అయితే ఆ వీధిలోనే తనూ ఉండాలి కదా. ఆ ఆసిడ్ వల్ల గ్లూకోజ్ దారి తనకే కష్టమవుతుంది. అప్పుడేం చేస్తుంది? బెల్జియంలోని లూవేన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఒలివియే ఫెరోన్ బృందం క్యాన్సర్ కణాల్ని వారాల తరబడి ఆసిడ్‌లో పెంచి చూసింది. 2016లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ఇది: ఆ కణాలు గ్లూకోజ్ మీద ఆధారపడడం తగ్గించుకుని, గ్లూటమిన్ వైపూ కొవ్వు ఆమ్లాల వైపూ మళ్ళాయి. అంతకంటే ఆశ్చర్యం, కొవ్వుని తయారు చేయడం, కొవ్వుని మండించడం రెండూ ఒకేసారి చేస్తున్నాయి. మామూలుగా ఇలా జరగదు. కొవ్వు తయారయ్యేటప్పుడు పుట్టే ఒక పదార్థం, కొవ్వు మైటోకాండ్రియాలోకి వెళ్ళే గేటుని మూసేస్తుంది. ఒక చేత్తో వండుతూ ఇంకో చేత్తో పారబోయకుండా ప్రకృతి పెట్టుకున్న ఏర్పాటు అది. ఆసిడ్‌కి అలవాటుపడ్డ కణాలు, ఆ గేటు దగ్గర కాపలా కాసే ఏసీసీ2 అనే ఎంజైమ్‌ని తగ్గించేసుకున్నాయి. అదే బృందం 2020లో ఇంకో సంగతి చూపించింది. ఈ కణాలు కొవ్వుని చిన్న చిన్న బిందువులుగా దాచుకుంటాయి. పుట్టిన చోటు వదిలి శరీరంలో వేరే చోటికి పాకడానికి అదే దారిబత్తెం.

ఇంజనీరుగా చూస్తే ముచ్చటేస్తుంది. మెయిన్ సప్లై పోతే సెకండరీకి మారడం, రెండు ప్రాసెస్‌లు కలిసి నడవకూడదన్న లాక్ తీసేయడం, బ్యాకప్ నిల్వ చేసుకోవడం. ఇదే పని మన సర్వర్ చేస్తే అవార్డు ఇస్తాం. కణం చేసిందనేసరికి 'దుర్మార్గం' అంటాం.

నిజానికి రెండు మాటలూ తప్పే. కణానికి ఉద్దేశం లేదు. ఆసిడ్‌లో చావగలిగినవి చచ్చాయి, మిగిలినవి మిగిలాయి. అయినా మన భాష ఊరుకోదు. అమెరికాలో 1971లో నిక్సన్ నేషనల్ క్యాన్సర్ యాక్ట్ మీద సంతకం పెట్టినప్పటి నుంచీ ఇది 'యుద్ధం'. యుద్ధమన్నాక గెలిచినవాళ్ళు వీరులు. మరి పోయినవాళ్ళు? సరిగ్గా పోరాడలేదనా? రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స చేయించుకున్న సూజన్ సాంటాగ్ 1978లో రాసిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' పుస్తకమంతా దీని మీదే. జబ్బుకి అర్థాలు అంటగడితే ఆ బరువు మోసేది రోగే.

ఇది పుస్తకాల్లో మాత్రమే జరిగేది కాదు. మా పిన్నికి కీమో నడుస్తున్న రోజుల్లో వాట్సాప్‌లో రోజూ ఎవరో ఒకరు పంపేవారు: ఒంట్లో ఆసిడ్ ఎక్కువైతేనే క్యాన్సర్ వస్తుంది, నిమ్మరసం తాగండి, ఆల్కలైన్ నీళ్ళు తాగండి అని. రక్తం పీహెచ్‌ని ఊపిరితిత్తులూ కిడ్నీలూ కాపలా కాస్తాయి. గ్లాసుడు నిమ్మరసానికి అది కదలదు. ట్యూమర్‌లో ఆసిడ్ ట్యూమర్ చేసుకున్నది, తిండి వల్ల వచ్చింది కాదు. ఇవన్నీ చెబితే పిన్ని ఒకటే అడిగింది: "అయితే నేను తిన్నదాని వల్ల కాదంటావా నాన్నా?" ఆ ఫార్వర్డ్‌లు నిజంగా చేస్తున్న పని అప్పుడర్థమైంది. వైద్యం పేరుతో తీర్పు చెబుతున్నాయి.

మరి ఇంత చెప్పి, ఆ కణం నుంచి సర్దుకుపోవడం గురించి నీతి లాగడం కూడా అదే పని కాదా? ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. "తన బతుకు చూసుకుని ఒంటిని ముంచింది కాబట్టి చెడ్డది" అన్నామంటే, తర్వాతి మెట్టు "సమాజమనే ఒంటికి సరిపడనివాళ్ళు క్యాన్సర్" అనడం. ఆ మాట అని మనుషుల్ని నరికేసిన చరిత్ర ఉంది. కణం ఒంటి కోసం ఉంటుంది. మనిషి సమాజం కోసం పుట్టిన భాగం కాదు, తనే ఒక పూర్తి ప్రాణి. పోలిక సరిగ్గా ఇక్కడ తెగిపోతుంది, తెగిపోనివ్వాలి కూడా.

నీతి పోయినా ఒక సంగతి మాత్రం మిగులుతుంది. సర్దుకుపోవడం ఒక వర్ణన. అది మెచ్చుకోలూ కాదు, తిట్టూ కాదు. 'ఎంత బాగా తట్టుకున్నావు' అని ఎవరినైనా మెచ్చుకునే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఆ ఆసిడ్ ఎవరు పోశారు? దాన్లో ఇంకెవరు మునుగుతున్నారు? తట్టుకోవడానికి ఏ కొత్త అవసరం తగిలించుకోవాల్సి వచ్చింది? కణం విషయంలో ఆసిడ్ పోసిందీ సర్దుకున్నదీ ఒకటే. మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పోసేవాళ్ళు వేరు, సర్దుకోమని చెప్పించుకునేవాళ్ళు వేరు. రెజిలియన్స్ వర్క్‌షాప్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ రాకపోవడానికి కారణం ఇదే.

మూడో ప్రశ్నే వైద్యులకి పనికొచ్చింది. ఆసిడ్‌లో బతికే కణం కొవ్వు కోసం అర్రులు చాస్తుంది కదా, 2021లో ఫెరోన్ బృందం దానికి చేపనూనెలో ఉండే డీహెచ్ఏ లాంటి కొవ్వునే అందించింది. దాచుకునే చోటు చాలనంతగా చేరాక, ఆ కొవ్వు లోపలే ఆక్సీకరణం చెంది కణాన్ని చంపేసింది. ఇది ల్యాబ్‌లో పెంచిన కణాల్లో, ఎలుకల్లో జరిగింది. చేపనూనె మాత్రలు కొనమని చెప్పే విషయం కాదు. కానీ ఆలోచన కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ల్యాబ్స్‌లో తయారు చేసిన అమైనాప్టెరిన్‌ని, 1940ల చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. గబగబా విడిపోయే కణానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి, ఆ మందు ఫోలిక్ ఆసిడ్‌లాగే కనిపించి పని ఆపేసింది. ఆ పిల్లలకి కొన్నాళ్ళే ఊరట దొరికింది, అయినా అంతకుముందు అదీ లేదు.

వీళ్ళెవరూ కణాన్ని తిట్టలేదు, పొగడలేదు. అది దేన్ని వదులుకోలేదో ఓపిగ్గా కనిపెట్టారు. ఎదుటిదాన్ని ఉన్నదున్నట్టు చూడడం కూడా నైతికమైన పనే అనిపిస్తుంది నాకు. పిన్ని అడిగిన ప్రశ్నకి సూటిగా "కాదు" అని జవాబివ్వగలిగే ధైర్యం అలాంటి చూపులోంచే వస్తుంది.