సభలో లేనివారి న్యాయం

అగ్రరాజ్యం ఇతర దేశాలతో ఎలా మెలగాలో చాలావరకు ఆ రాజ్యంలోని సభలే తేలుస్తాయి. పన్నులు, ఎన్నికలు, పార్టీల పంతాలు, మతవిశ్వాసాలు, పంటల ధరలు అన్నీ ఆ చర్చలోకి వస్తాయి. తీర్మానం ఎవరి నెత్తిన పడుతుందో వారు మాత్రం అక్కడ ఉండరు. వారికి ఓటు లేదు, మాట లేదు. పౌరుల మీద చేసే చట్టానికి పౌరుల సమ్మతే ఆధారమని ప్రజాస్వామ్యం చెబుతుంది. మరి పరాయివారి మీద తీసుకునే నిర్ణయానికి ఏది ఆధారం? పైకి రాజనీతి ప్రశ్నలా కనిపించినా ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, చాలా పాతది.

క్రీ.పూ. 428లో లెస్బోస్ ద్వీపంలోని మిటిలీనీ నగరం ఏథెన్స్ మీద తిరగబడి, మరుసటి ఏడు లొంగిపోయింది. అక్కడి వయోజన పురుషులందరినీ చంపాలని, స్త్రీలను, పిల్లలను బానిసలను చేయాలని ఏథెన్స్ పౌరసభ కోపంతో తీర్మానించింది. ఆజ్ఞ తీసుకుని ఓడ బయల్దేరింది. తెల్లవారేసరికి, తప్పు చేసినవారితో పాటు నగరం మొత్తాన్నీ చంపడం ఘోరమని జనానికి తోచింది. ఊళ్లో ఉన్న మిటిలీనీ దూతలు కూడా అధికారులను కలిసి బతిమాలుకున్నారు. సభ మళ్లీ కూడింది. జాలిపడేవారు సామ్రాజ్యాన్ని నిలబెట్టుకోలేరని, శిక్ష మార్చకూడదని ఏథెన్స్ నాయకుడు క్లియోన్ పట్టుబట్టాడు.

ఆయనకు ఎదురు నిలిచిన డయోడోటస్ ఒక్కసారి కూడా దయ చూపమని అడగలేదు. వాళ్లు దోషులా కాదా అన్నది కాదు, మనకు ఏది మేలన్నదే చూడాలన్నాడు. లొంగినా చావే అయితే రేపు తిరగబడే నగరం చివరిదాకా పోరాడుతుంది. బూడిదైన ఊరినుంచి కప్పం రాదు. ఇదీ ఆయన లెక్క. మంచి సలహా ఇచ్చేవాడు సైతం అబద్ధమాడితే తప్ప ఈ నగరంలో నమ్మకం పొందలేడని కూడా అదే ప్రసంగంలో అన్నట్టు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. చేతులెత్తితే రెండు పక్షాలూ దాదాపు సమానం. డయోడోటస్ మాట కొద్దిలో నెగ్గింది. రెండో ఓడ వెంటనే కదిలింది. మొదటిది అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి ముందుంది. తెడ్డు వేస్తూనే పిండిని మద్యంతో, నూనెతో కలుపుకుని తింటూ, వంతులవారీగా కునుకు తీస్తూ నావికులు సాగారు. సేనాని ఆజ్ఞ చదివి అమలుకు సిద్ధమవుతుండగా వారు చేరుకున్నారు. నగరం దక్కింది. తిరుగుబాటుకు ముఖ్య బాధ్యులని ఎంచిన వెయ్యిమందికి పైగా మాత్రం ప్రాణాలు పోగొట్టుకున్నారు.

డయోడోటస్ గుండెలో ఉన్నది జాలే కావచ్చు. సభకు వినిపించే భాష అదొక్కటే అని ఆయన లాభం మాట ఎత్తుకుని ఉండవచ్చు. ప్రాణాలు నిలిచినప్పుడు మాట ఏదైతేనేం అనిపిస్తుంది. అయితే దానికి మూల్యం ఉంది. న్యాయాన్ని పక్కన పెట్టి మాట్లాడడం సభకు అలవాటైంది. పదకొండేళ్ల తర్వాత, క్రీ.పూ. 416లో, మెలోస్ ద్వీపవాసులతో ఏథెన్స్ దూతలు న్యాయం ప్రసక్తే వద్దని, బలాబలాల మాటే మాట్లాడుదామని అన్నారు. అక్కడ లెక్క ఎదురు తిరిగింది. మెలోస్ పురుషులను చంపారు, మిగతావారిని బానిసలను చేశారు. ఈసారి వెనకాల రెండో ఓడ రాలేదు.

1795లో తత్వవేత్త కాంట్ శాశ్వత శాంతి మీద రాసిన గ్రంథంలో దీనికి ఒక పరిష్కారం సూచించాడు. యుద్ధానికి పౌరుల సమ్మతి తప్పనిసరి అయితే వారు తేలికగా ఒప్పుకోరు. ఎందుకంటే పోరాడేది, ఖర్చు భరించేది, పాడైనదాన్ని బాగుచేసుకునేది, అప్పు తీర్చేది వారే. ఈ వాదంలో బలం ఉంది. కానీ కష్టం ఇంటికి వస్తుందన్న నమ్మకం మీదే అది నిలబడింది. అగ్రరాజ్యం విషయంలో పాడయ్యేది పరాయి నేల. అమెరికా 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆపేసింది. 2001 తర్వాతి యుద్ధాలను పన్నులు తగ్గించి, అప్పులు చేసి నడిపింది. కాంట్ చెప్పిన సంకోచం పుట్టడానికి అక్కడ చోటు చాలా తగ్గిపోయింది.

ఈ చిక్కు అంతా ఒకేచోట కనిపించే ఘట్టం ఫిలిప్పీన్స్‌ది. 1898 డిసెంబర్ 10న కుదిరిన పారిస్ ఒప్పందంలో స్పెయిన్ ఆ దీవులను అమెరికాకు వదులుకుంది. అమెరికా 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిప్పీన్స్ తరఫున ఫెలిపె అగోన్సిల్యో పారిస్ వెళ్లాడు, చర్చల్లో చోటివ్వలేదు. వాషింగ్టన్ వెళ్లాడు, రాయబారిగా గుర్తించలేదు. ఆయన దేశం గతి ఏమిటో సెనేట్‌లోని వాదనలు తేల్చాయి.

ఆ వాదనలు ఒక రకంవి కావు. పాలితుల సమ్మతి లేని పాలన తమ స్వాతంత్ర్య ప్రకటనకే విరుద్ధమని మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ హోర్ సొంత రిపబ్లికన్ పార్టీని ఎదిరించి నిలబడ్డాడు. విలీనాన్ని వ్యతిరేకించిన దక్షిణాది సెనేటర్లు కొందరి కారణం వేరు, వారికి ఆ జాతుల ప్రజలు తమ దేశంలో కలవడమే ఇష్టం లేదు. ధర్మం, జాత్యహంకారం ఒకే వైపు ఓటేశాయి. ఓటు పెట్టెలోకి ఉద్దేశాలు పడవు కదా. అటువైపు విలీనవాదుల్లో దైవసంకల్పం మాట బలంగా వినిపించింది. ప్రపంచాన్ని తీర్చిదిద్దే పనికి దేవుడు అమెరికన్లనే ఎంచుకున్నాడని 1900 జనవరిలో ఆల్బర్ట్ బెవరిడ్జ్ సెనేట్‌లో ప్రసంగించాడు. అధ్యక్షుడు మెకిన్లీ రాత్రివేళ మోకరిల్లి ప్రార్థించి, ఆ ప్రజలను క్రైస్తవులను చేయాలన్న నిర్ణయానికి వచ్చానని మెథడిస్టు పెద్దలతో అన్నట్టు ఒక కథనం ఉంది. ఆయన మరణించాక 1903లో అచ్చయిన ఆ కథనాన్ని చరిత్రకారులు అనుమానంగానే చూస్తారు. ఫిలిపినోల్లో అత్యధికులు అప్పటికే కాథలిక్కులు.

1899 ఫిబ్రవరి 4 రాత్రి మనీలా దగ్గర కాల్పులు మొదలయ్యాయి. రెండు రోజులకు సెనేట్ 57–27 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది, అవసరమైన దానికంటే ఒక్క ఓటు ఎక్కువ. దీవులకు స్వాతంత్ర్యం ఇస్తామని హామీ ఇచ్చే బేకన్ సవరణ అదే నెలలో 29–29తో నిలిస్తే, ఉపాధ్యక్షుడు హోబార్ట్ ఓటుతో వీగిపోయింది. ఒక్కొక్క ఓటు వెనుక ఎన్ని ప్రాణాలున్నాయో తర్వాతి మూడేళ్లు చూపించాయి. 1902 జులైలో యుద్ధం ముగిసిందని ప్రకటించేసరికి 4,200 మంది దాకా అమెరికన్ సైనికులు చనిపోయారు. హింస, కరువు, రోగాలతో పోయిన ఫిలిపినో పౌరులు రెండు లక్షలకు తక్కువ ఉండరని అంచనా.

ఈ పాపం ఎవరిది? మహాభారతం సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలు మౌనం వహించినప్పుడు విదురుడు కశ్యపుడి తీర్పును గుర్తు చేస్తాడు. నిందించవలసిన దాన్ని సభ నిందించకపోతే పాపంలో సగం సభాపతికి, పావు చేసినవాడికి, పావు నోరు మెదపని సభ్యులకు చెందుతుంది. సభ నోరు విప్పి నిందిస్తే మిగతావారు విముక్తులు, పాపం చేసినవాడిదే. ఈ కొలతతో చూస్తే హోర్ ఓడినా విముక్తుడే. అయితే విదురుడి సభకు రాజు ఉన్నాడు. ప్రజలే ప్రభువులైన చోట ఆ సగం వాటా ఓటర్లకే వస్తుంది, ఏ ఎన్నికలో గెలిచిన పార్టీ మీదా పూర్తిగా తోసెయ్యడానికి వీల్లేదు. ఇంకో తేడా మరింత బాధాకరం. ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినా, సభలో నిలబడి తన ప్రశ్న తనే అడిగింది. ఫిలిపినోలకు ఆ అవకాశం కూడా దక్కలేదు.

చివరకు వారికి స్వాతంత్ర్యం ఎలా వచ్చింది? సొంత నాయకులు దశాబ్దాలపాటు అడుగుతూనే ఉన్నారు. మహామాంద్యం రోజుల్లో వారికి అనుకోని మిత్రులు దొరికారు. ఫిలిప్పీన్స్ చక్కెర పోటీని భరించలేని అమెరికన్ చక్కెర రైతులు, కొబ్బరి నూనె దిగుమతులు గిట్టని పాడి రైతులు, వలస కూలీలు వద్దన్న కార్మిక సంఘాలు ఆ దీవులు విడిపోవాలని ఒత్తిడి తెచ్చారు. 1934 నాటి టైడింగ్స్–మెక్‌డఫీ చట్టం పదేళ్ల గడువుతో స్వాతంత్ర్యం ఖాయం చేస్తూనే ఫిలిపినోల వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. 1946 జులై 4న ఆ దేశం స్వతంత్రమైంది. హోర్ ధర్మం పేరుతో అడిగి సాధించలేనిదాన్ని, డయోడోటస్ దారిలో, చక్కెర ధర సాధించింది.

ధర్మం భాషలోనే అడిగి గెలిచిన సందర్భాలూ లేకపోలేదు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఆంక్షలు విధించాలని నల్లజాతి సభ్యులు 1970ల నుంచే అమెరికన్ కాంగ్రెస్‌లో బిల్లులు పెడుతూ వచ్చారు. 1984 నవంబర్‌లో వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయంలో బైఠాయింపులు మొదలయ్యాయి, విద్యాలయాలు, చర్చీలు కదిలాయి. 1986 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు రీగన్ ఆంక్షల బిల్లును తిరస్కరించినా, ప్రతినిధుల సభ 313–83తో, సెనేట్ 78–21తో దాన్ని చట్టం చేశాయి. రీగన్ పార్టీవారే చాలామంది ఆయనకు ఎదురు ఓటేశారు. సెనేటర్ల మనసు ఒక్కటే మారి ఇది జరగలేదు. 1965 ఓటుహక్కు చట్టంతో దక్షిణాదిలో నల్లజాతి ఓటర్ల బలం పెరిగింది. సముద్రం అవతల ఉన్నవారిని తమవారని అనుకునే మనుషులు సభ ఇవతల ఉన్నారు, వారికి ఓటుంది.

బిషప్ డెస్మండ్ టూటూ 1984 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు నిలబడి, రీగన్ విధానం అధర్మమని, క్రైస్తవానికే విరుద్ధమని ముఖం మీదే చెప్పగలిగాడు. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎనభై అయిదేళ్ల కిందట అగోన్సిల్యోకు దొరకని గౌరవం అది. తన సొంత దేశంలో టూటూ మొదటిసారి ఓటు వేసింది 1994 ఏప్రిల్‌లో.