అనంతాళ్వారు తోటలోని బాలుడు

శ్రీమద్భాగవత దశమస్కంధమున ఒక వేసవి దినము వర్ణింపబడియున్నది. ఆవులను మేపుచు బృందావనమునకు దూరముగా వచ్చిన శ్రీకృష్ణుడు, మండుటెండలో గొడుగులవలె నీడ పట్టుచున్న వృక్షములను తోడి గోపబాలురకు చూపి, పరులకొఱకు ఎండవానల నోర్చు వీని జన్మమే సార్థకమని కొనియాడెను. ఈ బోధ మునులకు గాక బాలురకు చేయబడినది. అదియును చెట్టు నీడనే.

గోదావరి పాయల నడుమనున్న కోనసీమలో ఒకప్పుడు ఈ పాఠమును వేరుగ చెప్ప నక్కరలేకుండెను. కొబ్బరిపాదునకు నీరు మళ్లించుటలోనే పిల్లవాడు దానిని నేర్చెడివాడు. నేడు అమలాపురమువంటి పట్టణములందు పెరడు లేని యిండ్లు పెరిగినవి. అచ్చటి యువతీయువకులకు ఉద్యానవనమే పెరడు. అందులో వారు కూర్చుందురు, కబుర్లాడుదురు, లేచిపోవుదురు. పర్యావరణ విద్యను తప్పనిసరిగా బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. పుస్తకములు వచ్చినవి, మార్కులును వచ్చినవి. చేతికి మన్ను మాత్రము అంటలేదు.

తప్పంతయు పిల్లలదేనా?

తిరుమల వృత్తాంతము భక్తు లెఱుగనిది కాదు. శ్రీరామానుజుల యాజ్ఞచే పుష్పకైంకర్యమునకై కొండకు వచ్చిన అనంతాళ్వారు స్వహస్తములతో చెఱువు త్రవ్వుచుండిరి. గర్భవతియైన ధర్మపత్ని తట్టలతో మన్ను మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును మోయుదుననెను. ఆళ్వారు వలదనిరి. ఆ బాలుడు వారి కంటబడకుండ ఆ తల్లి చేతి తట్ట నందుకొని మోయసాగెను. అది తెలిసి ఆళ్వారు కోపించి గునపము విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. పిదప ఆలయమున చూడగా శ్రీనివాసుని గడ్డముననే రక్తము! స్వామికి నేటికిని ఆ చోట పచ్చకర్పూరము నద్దుచున్నారు. ఆ గునపమును మహాద్వారమున యాత్రికులు దర్శించుచున్నారు.

గురువాజ్ఞను పరులతో పంచుకొనని ఆ నిష్ఠను పెద్దలు మెచ్చుకొందురు, అది తగినదే. కాని తోటపనికి పిలువకయే వచ్చినవాడు బాలుడనియు, పొమ్మన్నవారు పెద్దలనియు మనము మఱవరాదు. మన ఉద్యానవనములందు పడుచువారికి మొదట కనబడునది "ముట్టరాదు" అను పలకయే గదా!

1950లో మున్షీగారు ప్రారంభించిన వనమహోత్సవము ఏటా వానకాలమున జరుగుచునే యున్నది. మొక్క నాటుట, ఛాయాచిత్రము తీయించుకొనుట ఒక పూట పని. మొక్కకు ప్రాణగండము వైశాఖమున వచ్చును. కోనసీమలో కాలువలు కట్టివేయు దినములవి. పరీక్షలు ముగిసి కళాశాల విద్యార్థులు తీరికగా నుండు దినములును అవియే. ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క వరుస చెట్లు అప్పగించి, బిందెతో పాటు గునపమును ఇచ్చిన నేమగును? కొన్ని మొక్కలు వంకరగా పెరుగును, ఒకటి రెండు చచ్చును. ఏ చెట్టు ఎందులకో అప్పుడు వారే అడుగుదురు. 1996 నవంబరు తుపానులో ఈ సీమ కొబ్బరితోట లెట్లు కూలినవో, ఉప్పుగాలికి ఓర్చు పొన్న సముద్రతీరమున కేల తగినదో అప్పుడు చెప్పిన చెవి కెక్కును. పొన్నచెట్టు వాహనముపై స్వామిని సేవించిన యువకునకు ఆ చెట్టు నిజముగా ఎట్లుండునో తెలియవలదా?

ఆ నెలలో ఉద్యానవనపు తాళపుచెవి ఎవరి మొలనుండునో, వారితో ముందుగా మాటలాడవలసియున్నది.