ఎవరి భయమునకు చికిత్స?

జంషెడ్‌పూరులోని సిద్ధగోరాలో నివసించు ఒక తెలుగు తల్లి కొంతకాలము క్రిందట నన్నొక ప్రశ్న అడిగినది. శ్రీకాకుళము ప్రాంతమునుండి ఉక్కు కర్మాగారములో పనికై వెళ్లి అక్కడనే స్థిరపడిన కుటుంబము వారిది. ఆమె కుమారునికి పందొమ్మిది ఏండ్లు. మోటారు సైకిలు మీదనుండి పడి తలకు దెబ్బ తగులగా, ఆసుపత్రిలో సి.టి. స్కానింగు తీసిరి. దెబ్బవలన హాని యేమియు కలుగలేదు గాని, కణత లోపలి ప్రక్కను, మెదడునానుకొని, నిమ్మకాయంత నీటితిత్తి కనబడెను. అది పుట్టుకతో వచ్చినదై యుండవచ్చుననియు, ప్రస్తుతము చేయవలసిన దేదియు లేదనియు వైద్యుడు చెప్పి పంపెను. నాటినుండి ఆ తల్లికి నిద్ర లేదు.

"అయ్యగారూ, ఇప్పుడు పుర్రె పెద్దగా తెరవక్కర్లేదటండి. చిన్న కన్నం పెట్టి, గొట్టంలోంచి చూసుకుంటూ చేసేస్తారట. చిన్న పనే కదండీ! చేయించేస్తే నాకు మనశ్శాంతి. వాడేమో వద్దంటున్నాడు. మీరైనా చెప్పండి వాడికి" అని ఆమె నన్ను వేడుకొనెను.

ఆమె చెప్పినది చాలవరకు నిజమే. మన మెదడు ఒక తేటనీటిలో తేలుచున్నది. పెద్దవారి తలలోను వెన్నులోను ఏ సమయమందైనను ఈ ద్రవము సుమారు 150 మిల్లీలీటర్లుండును. దినమునకు సుమారు 500 మిల్లీలీటర్లు క్రొత్తగా ఊరి, మెదడులోని గదులగుండ ప్రవహించి, తిరిగి రక్తములో కలియుచుండును. మెదడును కప్పు సాలెగూటివంటి పొర కొందరిలో పుట్టుకకు ముందే చీలి, ఆ చీలికలో నీరు నిలిచి తిత్తి యగును. అట్టి తిత్తులలో అనేకములు యజమానికి తెలియకయే అతనితో కూడ ముసలివగును. కాని తిత్తి నీటి త్రోవకడ్డముగా పెరిగినయెడల గదులు ఉబ్బి, తలనొప్పియు వాంతులును చూపు మందగించుటయు కలుగును. పసిబిడ్డలలో తల పెరిగిపోవును.

అట్టివారికి ఎండోస్కోపు గొప్ప మేలు చేయుచున్నది. దాని చరిత్ర వినదగినది. 1910లో షికాగో నగరములో విక్టర్ లెస్పినాస్ అను మూత్రకోశ వైద్యుడు, మూత్రాశయమును చూచుటకు వాడు గొట్టమును, తలలో నీరు చేరిన ఇద్దరు పసిబిడ్డల మెదడులోనికి పంపెను. ఒక బిడ్డ చనిపోయెను. మరియొక బిడ్డ అయిదేండ్లు బ్రతికెను. 1923లో జేసన్ మిక్స్టర్ అను వైద్యుడు అట్టి సాధనముతోనే మెదడు గది అడుగున నీటికి క్రొత్త త్రోవ చేసెను. అయితే ఆనాటి గొట్టములలో వెలుతురు చాలక ఆ పద్ధతి చాలకాలము మూలబడెను. హరోల్డ్ హాప్కిన్స్ కనిపెట్టిన గాజుకడ్డీల కటకములు వచ్చిన పిమ్మటనే అది మరల బలము పుంజుకొనెను. నేడు సుమారు ఒక సెంటీమీటరు రంధ్రముగుండ సాధనమును పంపి, తిత్తి గోడలో కిటికీవంటి ద్వారము తెరచి, లోపలి నీటిని మెదడు గదులలోనికో చుట్టునున్న నీటిలోనికో కలిపివేయుదురు. పని నెరవేరినచో కడుపువరకు జీవితాంతముండు గొట్టము అమర్చ నవసరము లేదు.

కాని రంధ్రము చిన్నదైనంతమాత్రమున లోపలి మెదడు చిన్నది కాదు. రక్తము చిందవచ్చును, చీము పట్టవచ్చును, తెరచిన కిటికీ మరల మూసికొనవచ్చును. వ్యాధి బాధించుచున్నప్పుడు ఈ అపాయములను భరించుట న్యాయము. బాధ లేనివానికి వాటిని అంటగట్టుట వేరు సంగతి.

వెనుదీయుట తప్పగు సందర్భములును గలవు. మెదడు నడిమి గదిలో ఏర్పడు కొల్లాయిడ్ తిత్తి నీటి త్రోవను ఒక్కసారిగా మూసివేసి, ఆరోగ్యముగా కనబడువాని ప్రాణమును గంటలలో తీయగలదు. అది త్రోవను మూయుచున్నదని వైద్యులు హెచ్చరించిన తరువాత "ప్రార్థన చేయుచున్నాము, చూతము" అని నెలలు గడుపువారిని నేనెరుగుదును. దానిని విశ్వాసమనుటకు నా మనస్సాక్షి ఒప్పదు.

ఇక చేయి నిలుపుకొనుటకు మన దేశములోనే ఒక మాదిరి గలదు. డాక్టర్ జేకబ్ చాండీ 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నాడీ శస్త్రచికిత్సా విభాగమును ప్రారంభించెను; భారతదేశములో అట్టి విభాగము అదే మొదటిది. మూర్ఛ వచ్చినవారి మెదడులో స్కానింగునందు కనబడు చిన్న ఒంటి మచ్చను అంతకుముందు అనేకులు క్షయగడ్డగా ఎంచి, నెలల తరబడి క్షయమందులిచ్చుచుండిరి; కొందరికి తల తెరచుటయు జరిగెను. 1989లో వెల్లూరు వైద్యులు ఆ మచ్చలలో హెచ్చుభాగము బద్దెపురుగు పిల్ల చచ్చుచున్న తిత్తులేయని ప్రకటించిరి. వాటిలో అనేకములు తమంతట తామే మానిపోవును. మూర్ఛకు మందిచ్చి, కొన్ని నెలలు ఆగి, మరల స్కానింగు తీసి చూచుట చాలునని తేలెను. ఆ యెరుకవలన ఎందరి తలలు కత్తిని తప్పించుకొనెనో! శస్త్రవైద్యులే కత్తిని ప్రక్కన పెట్టుమని చెప్పుట నాకు మిక్కిలి ఘనమైన కార్యముగా తోచుచున్నది.

ఇప్పుడు ఆ తల్లి కోరికను చూడుడి. బాధ ఆమెది, కోత కుమారునిది. ఆమె దుర్మార్గురాలు కాదు. బిడ్డను ప్రాణముకన్న మిన్నగా ప్రేమించునది. అయినను తన భయము తీరుటకు మరియొకని శరీరమును అడుగుట ప్రేమకు చెల్లునా? గోపురము కట్టబూనువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించవలెనని ప్రభువు సెలవిచ్చెను గదా. ఇక్కడ ఖర్చు భరించువాడు ఆ కుమారుడు. అతడు మైనరు కాడు; చట్టప్రకారము అంగీకార పత్రముమీద అతడే సంతకము చేయవలెను. ఈ మాట నేను ఆమెతో చెప్పినప్పుడు ఆమె కొంతసేపు మాటలాడలేదు. "వాడు నాకెప్పుడూ చిన్నోడేనండి" అని మాత్రము అనెను.

అతనితో నేను విడిగా మాటలాడితిని. అతనికి భయము లేకపోలేదు. ఇట్టి తిత్తి గలవారికి తలమీద గట్టి దెబ్బ తగిలినచో, అరుదుగానైనను, తిత్తి చుట్టు రక్తము చేరవచ్చునని వైద్యుడు అతనికి చెప్పియుండెను. అతడు కాలిబంతి ఆటగాడు. "అయ్యగారూ, తలనొప్పి గాని వాంతులు గాని వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోతాను. ఏడాదికి మళ్లీ స్కానింగు తీయించుకుంటాను. అమ్మకి ఈ మాట ఇస్తాను. బంతి మానెయ్యమంటే మాత్రం..." అని ఆగిపోయెను.

నేను అతనిని తల్లియొద్దకు తీసికొనిపోతిని. స్కానింగు విషయములో వారిద్దరు ఒక మాటమీదికి వచ్చిరి. కాలిబంతి సంగతి నేను వచ్చువేళకును తేలలేదు.